బటన్ పుట్టగొడుగుల కంపోస్టు: అమ్మోనియా ఎక్కడికి పోతుంది?

బటన్ పుట్టగొడుగుల పంట దెబ్బతింటే అందరూ మొదట అనుమానించేది విత్తనాన్నే. స్పాన్ (పుట్టగొడుగు విత్తనం) పాతదై ఉంటుందనో, ల్యాబ్ వాళ్లు సరైనది ఇవ్వలేదనో, గదిలో ఏసీ చాల్లేదనో అంటారు. అలా జరగదని కాదు గానీ, చాలాసార్లు తేడా అంతకు రెండు మూడు వారాల ముందే, గడ్డీ కోళ్ల ఎరువూ కలిపి కుప్ప పోసిన చోటే వచ్చి ఉంటుంది. ఊళ్లో పెంటకుప్పలో కూడా గడ్డి కుళ్లుతుంది, అయినా ఆ ఎరువు మీద బటన్ విత్తనం చల్లి పంట తీసినవాళ్లు లేరు. ఎందుకంటే ఇక్కడ కావలసింది పొలానికి వేసే ఎరువు కాదు. ఒక్క శిలీంధ్రం హాయిగా తినగలిగి, మిగతా బూజులకు పెద్దగా అందుబాటులో లేని తిండి కావాలి. దాన్ని వండేది సూక్ష్మజీవులు. మనిషి చేతిలో ఉన్నవి నీళ్లు, గాలి, వేడి, అంతే.

ఈ వ్యవహారమంతా అర్థం కావాలంటే అన్నిటికంటే సులువైన పద్ధతి నత్రజనిని వెంబడించడం. అది ఏ రూపంలో కుప్పలోకి వెళ్తుంది, మధ్యలో ఏమవుతుంది, చివరికి ఎవరి ఒంట్లో చేరుతుంది అన్నది తెలిస్తే మిగతా లెక్కలన్నీ వాటంతట అవే దారిలో పడతాయి.

ముందు పుట్టగొడుగు సంగతి. ముత్యపు చిప్ప పుట్టగొడుగులకు కంపోస్టు అక్కర్లేదు. వరిగడ్డిని నానబెట్టి, వేడినీళ్లలో ఉంచి తీసి, నీళ్లు వంచేసి విత్తనం కలిపి సంచుల్లో నింపితే చాలు, అవి కట్టెను కూడా కరిగించుకోగల జాతి కాబట్టి పచ్చి గడ్డితో నేరుగా పని మొదలుపెడతాయి. బటన్ పుట్టగొడుగు, అంటే అగారికస్ బైస్పోరస్, అలాంటిది కాదు. అడవిలో, మైదానంలో రాలిన ఆకూ అలమూ సగం కుళ్లి నల్లగా మారాక అక్కడ పెరిగే జాతి ఇది. 2012లో దీని జీనోం వివరాలు వెలువడినప్పుడు కూడా అదే తేలింది, దీని ఎంజైముల సరంజామా కట్టెను కొరకడానికి కాకుండా హ్యూమస్ (కుళ్లి నల్లబడిన పదార్థం) ఎక్కువగా ఉన్న చోట బతకడానికి తయారైందని. మరో విషయం, ఇది చచ్చిన బ్యాక్టీరియాను తినగలదు. 1980ల మొదట్లో బ్రిటన్‌లో చేసిన ప్రయోగాల్లో బ్యాక్టీరియా కణాలనే తిండిగా పెడితే వాటిని కరిగించి నత్రజనిని లాక్కుంది. కంపోస్టు గురించి తెలుసుకోవలసిన వాటిలో సగం ఈ ఒక్క మాటలోనే ఉంది. పెళ్లి భోజనాల్లో మొదటి బంతి, రెండో బంతి ఉన్నట్టు ఇక్కడా బంతులున్నాయి, కాకపోతే చివరి బంతిలో కూర్చున్న పుట్టగొడుగు మిగిలిన పదార్థాలతో పాటు ముందు తిన్నవాళ్లను కూడా తినేస్తుంది.

ఇప్పుడు లెక్క. పొట్టి పద్ధతిలో, అంటే కుప్పను బయట తక్కువ రోజులే ఉంచి మిగతా పని గదిలో ముగించే పద్ధతిలో, మన దేశంలో వాడే ఒక మామూలు మిశ్రమం తీసుకుంటే 1000 కిలోల గోధుమ గడ్డి, 400 కిలోల కోళ్ల ఎరువు, 70 కిలోల గోధుమ పొట్టు, 15 కిలోల యూరియా, 30 కిలోల జిప్సం ఉంటాయి. గడ్డిలో నత్రజని అర శాతమే కాబట్టి 5 కిలోలు. కోళ్ల ఎరువులో రెండున్నర శాతం అనుకుంటే 10 కిలోలు. పొట్టులో కిలోన్నర లోపు. యూరియాలో 46 శాతం కాబట్టి దాదాపు 7 కిలోలు. మొత్తం 23 కిలోల చిల్లర. తేమ తీసేసి చూస్తే ముడిసరుకు ఎండు బరువు 1370 కిలోల దగ్గర తేలుతుంది, అంటే నత్రజని దాదాపు 1.7 శాతం. మొదట్లో 1.5 నుంచి 1.7 వరకు ఉండాలని పుస్తకాల్లో రాసేది దీన్ని గురించే. విత్తనం వేసే రోజుకు అది 2.2 శాతం అవుతుంది. శాతం పెరిగింది కదా అని నత్రజని పెరిగిందనుకోకూడదు. ఎండు బరువులో 40 శాతం బొగ్గుపులుసు వాయువుగా, ఆవిరిగా ఎగిరిపోయిందనుకుంటే మిగిలేది 820 కిలోలు, అందులో 2.2 శాతం అంటే 18 కిలోలు. కిలోల్లో చూస్తే ఐదో వంతు నత్రజని అమ్మోనియాగా గాల్లో కలిసిపోయింది. గడ్డిలోని కార్బన్ అంతకంటే వేగంగా పోయింది కాబట్టి శాతం పెరిగినట్టు కనిపిస్తోంది. కార్బన్–నత్రజని నిష్పత్తి మొదట్లో 25–30 ఉండి చివరికి 16–17కి దిగడం వెనక ఉన్నది ఇదే.

కుప్ప పోసిన మొదటి రెండు రోజుల్లో పని చేసేవి సాధారణ వేడిలో బతికే బ్యాక్టీరియా. గడ్డిలో, పొట్టులో సులువుగా దొరికే చక్కెరలు, పిండి పదార్థాలు, ప్రొటీన్లు వీటి వాటా. తిన్నకొద్దీ వేడి పుడుతుంది, కుప్ప పెద్దది కాబట్టి ఆ వేడి బయటికి పోదు. తడిసిన గడ్డివాము లోపల వేడెక్కడం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. 45 డిగ్రీలు దాటేసరికి ఆ మొదటి జట్టు తన వేడికే తాను చచ్చిపోతుంది. వాటి చోట్లోకి వేడిని ఇష్టపడే బాసిల్లస్ రకాలు, యాక్టినోబ్యాక్టీరియా వస్తాయి. ఇంకా పైకి, 70 దాటితే థెర్మస్ లాంటి, వేడినీటి బుగ్గల్లో కనిపించే జాతులు తప్ప పెద్దగా ఎవరూ మిగలరు. కుప్ప నడుమ 75 నుంచి 80 డిగ్రీల దాకా వెళ్లడం మామూలే. ఆ వేడిలో సూక్ష్మజీవుల పని తగ్గి రసాయన చర్య పెరుగుతుంది. చక్కెరలు, అమ్మోనియా కలిసి గడ్డిని ముదురు గోధుమ రంగుకు తెస్తాయి. ఇలా మారిన పదార్థం మామూలు బూజులకు అంత సులువుగా అరగదు, అదే దీని లాభం.

అమ్మోనియా పుట్టేది కూడా ఈ దశలోనే. యూరియాను యూరియేజ్ అనే ఎంజైముతో బ్యాక్టీరియా చకచకా విడగొడుతుంది. కోళ్ల ఎరువులో నత్రజని ఎక్కువగా యూరిక్ ఆమ్లం రూపంలో ఉంటుంది, అది మెల్లగా విడిపోతుంది. అందుకే యూరియాను మొదట్లోనే, గడ్డి తడిపేటప్పుడే వేయమంటారు. ఆలస్యంగా వేసిన యూరియా చివరి రోజు దాకా అమ్మోనియా వదులుతూనే ఉంటుంది. పీహెచ్ 8 దాటి, వేడి కూడా తోడైతే అమ్మోనియా నీటిలో నిలవకుండా వాయువై పైకి లేస్తుంది. కుప్ప తిరగేసే రోజు కళ్లు మండి నీళ్లు కారేది దీనివల్లే. అక్కడ ఆ ఘాటు ఉండాల్సిందే, లేకపోతేనే టెన్షన్ పడాలి. కానీ కుళ్లిన గుడ్డు వాసన వేరే సంగతి. అది గంధకం వాసన, గాలి అందని చోట పని చేసే బ్యాక్టీరియా వదిలేది. కుప్ప అడుగున, నడుమ నీళ్లు నిలిచి ఊపిరాడని చోట ఇలా అవుతుంది. ఈ రెండు వాసనల తేడా తెలిసిన పనివాడు యార్డులో ఉంటే సగం యంత్రాలతో సమానం.

ఒకే కుప్పలో ఇన్ని రకాల వాతావరణం ఉండటం అసలు చిక్కు. 1940ల మొదట్లో అమెరికాలో లాంబర్ట్ అనే శాస్త్రవేత్త కుప్పలోని వేర్వేరు పొరల నుంచి కంపోస్టు తీసి పంట వేసి చూశాడు. 50–60 డిగ్రీల మధ్య, గాలి బాగా ఆడిన పొరలోంచి తీసింది బాగా పండింది, మిగతావి పండలేదు. కుప్ప మొత్తాన్ని ఆ పొరలా మార్చడం ఎలా అన్నదే ఆ తర్వాత జరిగిన పరిశోధన అంతా అనుకోవచ్చు. 1950ల మొదట్లో సిండెన్, హౌసర్ పొట్టి పద్ధతిని తెచ్చారు, బయట కుప్పను తక్కువ రోజులే ఉంచి, ఆ తర్వాత కంపోస్టును గదిలోకి చేర్చి ఆవిరి, గాలి అదుపులో పెట్టి మిగతా పని పూర్తిచేయడం. ఇప్పుడు పెద్ద యూనిట్లలో బంకర్ల (కంపోస్టు నింపే గోడల గదుల) అడుగున సన్నని గొట్టాలు పెట్టి, బ్లోయర్‌కు టైమర్ బిగించి కింది నుంచి గాలి కొడుతున్నారు. గొట్టాలు లేని చోట తిరగేయడమే శరణ్యం. పైది లోపలికి, లోపలిది పైకి వచ్చేలా రెండు రోజులకోసారి కలపాలి. కూలీలు దొరకలేదని ఒక విడత ఎగ్గొడితే గడ్డి రంగులో తేడా తెలియకపోవచ్చు, గదిలో పెట్టాక మాత్రం తెలుస్తుంది. జిప్సం పని కూడా గాలికి సంబంధించిందే. జిగటగా అతుక్కున్న పదార్థాన్ని విడగొట్టి గడ్డి పోచల మధ్య సందులు నిలుపుతుంది. ఎరువులా పోషకం అని వేసేది కాదది, తక్కువ వేసి డబ్బు మిగిలిందనుకోవడం ఉత్త భ్రమ.

మొదటి దశ ముగిసేసరికి చేతిలో ఉన్నది గోధుమ రంగులో మెత్తబడి, అమ్మోనియా గుప్పుమంటున్న తడి గడ్డి. పిడికిట్లో బిగించి నొక్కితే వేళ్ల సందుల్లో కొద్దిగా చుక్కలు రావాలి, ధారగా కారకూడదు. ఇందులో విత్తనం వేస్తే దాని నుంచి పాకే పుట్టగొడుగు దారాలు అమ్మోనియాకే చచ్చిపోతాయి. రెండో దశ అంతా ఈ అమ్మోనియాను ఎవరి చేతనో తినిపించడానికే.

రెండో దశలో మొదట పాశ్చరైజేషన్. టన్నెల్ అనే మూసిన గదిలో కంపోస్టును 58–59 డిగ్రీల దగ్గర ఆరు నుంచి ఎనిమిది గంటలు ఉంచుతారు. ఈగల గుడ్లు, పురుగులు, నులిపురుగులు, తెగుళ్ల బూజుల బీజాలు చాలావరకు ఇక్కడే పోతాయి. అంత చిన్న తేడా మీద ఎందుకింత పట్టుదల, 70కి పెంచి రెండు గంటల్లో తేల్చేస్తే పోలా అనిపిస్తుంది. పోదు. శిలీంధ్రం ఏదైనా సరే 62 డిగ్రీలు దాటితే పెరగదు. మనకు కావలసిన మేలు చేసే బూజు కూడా శిలీంధ్రమే, వేడి హద్దు మీరితే శత్రువుతో పాటు మిత్రుడూ పోతాడు. కంపోస్టును పూర్తిగా క్రిమిరహితం చేయడం ఇక్కడ లక్ష్యం కాదు, పైగా అది ప్రమాదం కూడా. ఖాళీ అయిన తిండిలోకి ముందుగా వచ్చి పడేది ఎప్పుడూ పచ్చబూజే.

ఆ తర్వాత వేడిని 45–48కి దించి, కొత్త గాలి ఇస్తూ నాలుగు నుంచి ఆరు రోజులు ఉంచుతారు. కండిషనింగ్ అంటారు. ఇదే ఈ కథలో గుండెకాయ. ఈ వేడిలో బాగా పెరిగే బూజు ఒకటుంది, సైటాలిడియం థెర్మోఫైలమ్. ఇప్పుడు దానికి పేరు మార్చి మైకోథెర్మస్ అంటున్నారు, పాత పుస్తకాల్లో టోరులా, హ్యూమికోలా అనే పేర్లతోనూ కనిపిస్తుంది, శిలీంధ్రాల పేర్లు మార్చడం శాస్త్రవేత్తలకు తీరని సరదా. 1990ల్లో నెదర్లాండ్స్ పరిశోధకులు క్రిమిరహితం చేసిన కంపోస్టులో ఈ ఒక్క బూజును పెంచి, ఆ తర్వాత బటన్ విత్తనం వేస్తే దారాలు రెండింతల వేగంతో పాకాయి. ఇది గడ్డిలోని సెల్యులోజును, హెమీసెల్యులోజును తింటూ, అమ్మోనియాను లాక్కుని తన ప్రొటీన్‌గా మార్చుకుంటుంది. దానితో పాటు యాక్టినోమైసీట్లు (పైన చెప్పిన యాక్టినోబ్యాక్టీరియా) కూడా. కంపోస్టు మీద సున్నం చల్లినట్టు తెల్లటి మచ్చలుగా కనిపించేవి ఇవే, కొత్తవాళ్లు వాటిని చూసి తెగులొచ్చిందని హడలిపోతారు గానీ అది మంచి గుర్తు. స్ట్రెప్టోమైసిన్ మందు కనుక్కున్నందుకు 1952లో నోబెల్ అందుకున్న వాక్స్‌మన్, దానికి చాలా ముందే 1930ల్లో పుట్టగొడుగుల కంపోస్టు మీద పని చేశాడు. ఆ మందు కూడా ఒక యాక్టినోమైసీటు నుంచి వచ్చిందే.

ఇక్కడ జరుగుతున్నది ఒక్కసారి ఆగి చూడాలి. యూరియాగా, కోడిపెంటగా వచ్చిన నత్రజని అమ్మోనియా అయింది. అలాగే ఉంటే విషం, గాల్లో కలిస్తే నష్టం. దాన్ని బ్యాక్టీరియా, బూజు తమ ఒంట్లో ప్రొటీన్‌గా దాచుకున్నాయి. విత్తనం వేశాక వేడి 24–25కి దిగుతుంది, ఆ చలికి వేడి ఇష్టపడే జాతులు పని ఆపేస్తాయి, పుట్టగొడుగు దారాలు వచ్చి వాటిని కరిగించి తింటాయి. బయటి నుంచి వచ్చి పడే సాధారణ బూజులకు ఈ విద్య అంతగా రాదు, వాటికి కావలసినవి సులువైన చక్కెరలు, అవి మొదటి వారంలోనే ఖర్చైపోయాయి. ఒక్క జాతికే పనికొచ్చే తిండి అని పైన అన్నది దీన్నే.

కండిషనింగ్ పూర్తయిందా లేదా అన్నదానికి కొలత అమ్మోనియానే. పది పీపీఎం (పది లక్షల భాగాల్లో పది భాగాలు) కంటే తక్కువ ఉండాలి. పెద్ద యూనిట్లలో రంగు మారే గాజు గొట్టాలతో కొలుస్తారు, చిన్నవాళ్లు ముక్కునే నమ్ముకుంటారు. ముక్కుతో ఇబ్బంది ఏమిటంటే రోజంతా ఆ యార్డులో తిరిగినవాడికి వాసన అలవాటైపోతుంది, వాడు లేదన్నంత మాత్రాన లేనట్టు కాదు. కంపోస్టు పని ముట్టనివాణ్ణి బయటి నుంచి పిలిచి పిడికెడు చేతికిచ్చి వాసన చూపించడం మేలు. పీహెచ్ కూడా ఇదే మాట చెబుతుంది, 7.5 దగ్గరికి దిగాలి. ఇంకా 8 దగ్గరే ఉందంటే ఏ ముక్కూ అక్కర్లేదు, అమ్మోనియా లోపల ఉన్నట్టే. అలాంటప్పుడు చేయవలసింది విత్తనం వేయకుండా అదే వేడిలో గాలి పెంచి ఇంకో రోజో రెండు రోజులో ఆగడం. స్పాన్ అప్పటికే వచ్చేసింది, పాడవుతుందని తొందరపడి వేసేస్తే స్పాన్‌తో పాటు కంపోస్టూ పోతుంది.

తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత గదిలో మొలిచే బూజులే చెప్పేస్తాయి. సన్నటి కాడలతో లేచి ఒకట్రెండు రోజుల్లో నల్లటి సిరాలా కారిపోయే కుక్కగొడుగులు కనిపిస్తే అమ్మోనియా మిగిలిపోయిందని అర్థం, ఆ జాతి అమ్మోనియాను తట్టుకుంటుంది, బటన్ తట్టుకోదు. గడ్డి మీద ఆలివ్ పచ్చ రంగులో గింజల్లాంటి బూజు వస్తే పాశ్చరైజేషన్‌లో వేడి ఎక్కువై గాలి తక్కువైంది. గోధుమ రంగు పిండి పూసినట్టు పొర కట్టిందంటే నీళ్లెక్కువైన కంపోస్టు. ఆకుపచ్చ ట్రైకోడెర్మా మాత్రం ఇంత సూటిగా చెప్పదు, గడ్డిలో చక్కెరలు మిగిలినా వస్తుంది, శుభ్రత లేకపోయినా వస్తుంది, పక్క యూనిట్ నుంచి ఈగల మీద ఎక్కి కూడా వస్తుంది. మందు కొట్టడం కంటే ఈ గుర్తులు చదివి వచ్చే కుప్పలో సరిచేసుకోవడం చౌక.

పాశ్చరైజేషన్ గది లేనివాళ్లు పొడుగు పద్ధతిలో 28 రోజుల పాటు ఏడెనిమిది సార్లు తిరగేస్తూ కుప్పలోనే పని ముగిస్తారు. హిమాచల్ ప్రదేశ్‌లోని సోలన్ చుట్టుపక్కల, ఉత్తరాదిన చలికాలపు రైతుల్లో ఇది చాలాకాలం నడిచింది. సోలన్‌కు 1997లో పుట్టగొడుగుల నగరం అని పేరు పెట్టారు, దేశంలో పుట్టగొడుగుల పరిశోధన సంస్థ ఉన్నదీ అక్కడే. పొడుగు పద్ధతిలో వంద కిలోల కంపోస్టుకు పది పన్నెండు కిలోల పుట్టగొడుగులు వస్తే, పొట్టి పద్ధతిలో పద్దెనిమిది నుంచి ఇరవై రెండు దాకా వస్తాయి. మన లెక్కలో చెప్పాలంటే, 28 రోజులు కుప్ప ఆరుబయట ఉన్నప్పుడు పుట్టగొడుగు తినవలసిన సెల్యులోజు సూక్ష్మజీవులే తినేస్తాయి, పట్టుకోవలసిన అమ్మోనియా గాలికి పోతుంది, ఈగలకు ఏ అడ్డూ ఉండదు.

తెలుగు రాష్ట్రాల్లో ఈ లెక్క కొంచెం మారుతుంది. గోధుమ గడ్డి ఉత్తరాది నుంచి లారీల్లో రావాలి, రవాణా ఖర్చే నడుం విరుస్తుంది. మనకు కుప్పలుగా ఉన్నది వరిగడ్డి. కోళ్ల ఎరువుకు లోటే లేదు, దేశంలో గుడ్ల ఉత్పత్తిలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది, తెలంగాణ కూడా ముందు వరుసలోనే ఉంది. అందుకని గోధుమ గడ్డి సూత్రాన్నే వరిగడ్డికి అచ్చుగుద్దినట్టు దించుకుంటే కుదరదు. వరిగడ్డి మెత్తగా ఉంటుంది, తొందరగా విరిగిపోతుంది, తడిశాక కుదించుకుపోయి సందులు పూడ్చేస్తుంది. గోధుమ గడ్డి పోచ గొట్టంలా నిలబడి గాలికి దారి ఇస్తుంది, వరిగడ్డి ఇవ్వదు. కాబట్టి మొదటి దశను కొన్ని రోజులు తగ్గించాలి, నీళ్లు ఒకేసారి గుప్పించకూడదు, కుప్ప ఎత్తు తగ్గించాలి, జిప్సం విషయంలో పిసినారితనం పనికిరాదు. రెండు రకాల గడ్డి కలిపి వాడటం మధ్యే మార్గం, డబ్బు ఎంత మిగులుతుందన్నది ఎవరి దూరాన్ని బట్టి వాళ్లకు. కోళ్ల ఎరువు విషయంలో కూడా ఒక మెలిక ఉంది. గుడ్ల కోళ్ల పెంట, వరిపొట్టు పరిచిన బ్రాయిలర్ షెడ్డు ఎరువు ఒకటి కావు, నత్రజని శాతంలో చాలా తేడా ఉంటుంది. ఒక లోడు బ్రాయిలర్‌ది, ఇంకో లోడు గుడ్ల కోళ్లది వేసి ఒకే లెక్కలో యూరియా కలిపితే ఒకసారి ఆకలి, ఇంకోసారి అమ్మోనియా.

మార్కెట్లో కంపోస్టు తొందరగా తయారవుతుందంటూ సూక్ష్మజీవుల పొడులు, ద్రవాలు అమ్ముతుంటారు. కావలసిన జాతులన్నీ గడ్డిలో, కోళ్ల ఎరువులో, యార్డు నేలలో ముందే ఉన్నాయి, కోట్లలో ఉన్నాయి. వాటికి లేనిది సంఖ్యాబలం కాదు, గాలి. గాలి ఆడని కుప్ప మీద ఎంత ఖరీదైన సీసా పోసినా ఆ సీసాలోని జీవులకూ అదే గతి. సైటాలిడియం లాంటి ఒక్క ఎంచుకున్న జాతిని, కండిషనింగ్ దశలో, లెక్క ప్రకారం కలపడం వేరే విషయం, దానికి శాస్త్రం ఉంది. అన్ని పంటలకూ పనికొచ్చే ఒకే మందు అని అమ్మేదానికి మాత్రం ఇక్కడ పెద్దగా పని లేదు. బ్యాక్టీరియా అవసరం మళ్లీ ఒక్కచోట వస్తుంది, దారాలు పాకాక కంపోస్టు మీద కప్పే కేసింగ్ మట్టిలో. దారాలు వదిలే కొన్ని వాయు పదార్థాలు మొగ్గ రాకుండా అడ్డుపడతాయి, వాటిని తినేసే సూడోమోనాస్ రకాలు ఆ మట్టిలో ఉంటేనే మొగ్గలు తొడుగుతాయి, మట్టిని మరీ మాడ్చేసి క్రిములేవీ లేకుండా చేసినవాళ్లకు పంట ఆలస్యం కావడం అందుకే.

ఎండాకాలం మన దగ్గర ఇంకో చిక్కు. కండిషనింగ్ అయిపోయాక కంపోస్టును 48 నుంచి 25కి దించాలి, అదీ తొందరగా. సోలన్‌లో బయటి గాలి లోపలికి కొడితే చల్లబడిపోతుంది. మే నెలలో తెలంగాణలో బయటి గాలే 42 డిగ్రీలుంటే ఆ గాలి కొట్టి చల్లబరచడం జరిగే పని కాదు. కంపోస్టు నలభై చుట్టూ తచ్చాడుతున్నంతసేపూ వేడి జీవులు తింటూనే ఉంటాయి, వేడి పుట్టిస్తూనే ఉంటాయి, పుట్టగొడుగుకు దాచిన తిండి కరుగుతూనే ఉంటుంది. టన్నెల్‌కు చల్లార్చే కాయిల్ బిగించే ఖర్చు ప్రాజెక్టు రిపోర్టులో మొదటి నుంచే వేసుకోవాలి. అంత పెట్టుబడి లేనివాళ్లు కంపోస్టు జోలికి పోకుండా, విత్తనం వేసి సిద్ధంగా ఉన్న సంచులు కొనుక్కుని పంట గదులు మాత్రం నడపడమో, ఎండాకాలం మూడు నెలలూ పాల పుట్టగొడుగులకు మళ్లడమో చేయవచ్చు.